అస్థికండరాల జీవక్రియ: ఆహారం, వ్యాయామం

ఎముకలను పట్టుకొని, మన ఇష్టానుసారం కదిలే కండరాలను అస్థికండరాలంటారు. మనిషి ఒంట్లో ఇవి ఆరువందలకు పైనే. పెద్దవారి బరువులో ఇంచుమించు 40 శాతం, ఒంట్లోని మాంసకృత్తుల్లో సగానికి పైగా వీటి వాటా. నడవడం, బరువులెత్తడం, నమలడం, ఊపిరి పీల్చడం వీటి పనులని అందరికీ తెలుసు. భోజనం తర్వాత రక్తంలోకి వచ్చే గ్లూకోజులో పెద్ద భాగం చేరేది కూడా వీటిలోకేనన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. ఇన్సులిన్‌ను సిరలోకి ఎక్కిస్తూ చేసే క్లాంప్ పరీక్షల్లో, శరీరం వినియోగించుకున్న గ్లూకోజులో సుమారు 80 శాతం కండరాల్లోకే పోతుందని తేలింది. చాలాకాలం తిండి లేనప్పుడు తమ మాంసకృత్తులను విడగొట్టి, కాలేయం గ్లూకోజు తయారు చేసుకోవడానికి అమైనో ఆమ్లాలను పంపేవీ ఇవే.

కండరంలో జరిగే ఈ రసాయనిక వ్యవహారమంతా కలిపి కండర జీవక్రియ. దాన్ని మార్చడానికి మన చేతిలో ఉన్నవి రెండు: తినే తిండి, చేసే పని. తిండి సరుకును అందిస్తుంది. ఆ సరుకు ఏ కండరంలోకి, ఎంత, దేనికోసం పోవాలో చాలావరకు తేల్చేది పని. గత వందేళ్ల పరిశోధనను ఒకచోట పెట్టి చూస్తే ఇదే బయటపడుతుంది. తిండి గురించి ఒకరు, వ్యాయామం గురించి మరొకరు విడివిడిగా సలహాలిచ్చే పద్ధతి ఈ విషయంలో చాలదు.

ఇంధనాలు

కండరం ముడుచుకోవడానికి నేరుగా వాడుకునేది అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, పొట్టిగా ఏటీపీ. దాని నిల్వ రెండు మూడు సెకన్ల గట్టి పనికి మించి రాదు. అందుకని ఖర్చయిన ఏటీపీని కండరం అప్పటికప్పుడే తిరిగి తయారు చేసుకుంటూ ఉండాలి. ఇందుకు అన్నిటికంటే వేగంగా అక్కరకొచ్చే పదార్థం ఫాస్ఫోక్రియాటిన్. దాన్ని కనిపెట్టినవారిలో ఒకరు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ద్రవాల్లోని ఫాస్ఫరస్‌ను రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని రూపొందించారు. 1925లో ప్రచురించిన ఆ పద్ధతిని నేటికీ వాళ్లిద్దరి పేర్లతోనే పిలుస్తారు. కండరం నుంచి తీసిన ద్రవంలో ఆ రంగు రావలసినంత త్వరగా రాలేదు. చాలామంది అలాంటిదాన్ని కొలతలో దోషంగా కొట్టిపారేసేవారు. వాళ్లు మాత్రం కారణం కోసం వెతికారు. క్రియాటిన్‌తో జతకట్టిన ఫాస్ఫేట్ ఒకటి నెమ్మదిగా విడిపోవడమే ఆ ఆలస్యానికి కారణమని 1927లో ప్రకటించారు. కండరానికి పని పెడితే అది విడిపోతుంది, విశ్రాంతినిస్తే తిరిగి కూడుతుంది. అదే ఏడు ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులకూ ఈ పదార్థం విడిగా దొరికింది. 1929లో ఫిస్కే, సుబ్బారావు కండరం నుంచి ఏటీపీని కూడా వేరు చేశారు. జర్మనీలో కార్ల్ లోమాన్ దాన్ని కనుగొన్నదీ ఆ ఏడే.

అంతవరకు కండరాన్ని నడిపేది లాక్టిక్ ఆమ్లమే అనుకునేవారు. కండరంలో వేడి మీద, లాక్టిక్ ఆమ్లం మీద చేసిన పరిశోధనలకే ఏ.వి. హిల్, ఒట్టో మైయర్‌హోఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి దక్కింది. లాక్టిక్ ఆమ్లం తయారు కాకుండా విషంతో ఆపేసినా కండరం కొంతసేపు ముడుచుకుంటూనే ఉందని, అంతసేపూ ఫాస్ఫోక్రియాటిన్ తరుగుతూ వచ్చిందని 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఐనార్ లుండ్స్‌గార్డ్ చూపించడంతో ఆ నమ్మకం పోయింది. ఇంత పునాది వేసిన సుబ్బారావు పేరు మన వ్యాయామశాలల్లో క్రియాటిన్ డబ్బా కొనే కుర్రాళ్లకు తెలియకపోవడం బాధాకరం.

గట్టిగా పనిచేస్తే ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ పది సెకన్లలో బాగా తరిగిపోతుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి 130 కిలోలు ఎత్తినప్పుడు ఆ కొద్ది సెకన్ల పనికి శక్తి దాదాపు మొత్తం ఇక్కడి నుంచే వచ్చి ఉంటుంది. మూడు నుంచి ఐదు నిమిషాల విశ్రాంతిలో నిల్వ తిరిగి నిండుతుంది. బరువులెత్తేవాళ్లు ఒక్కో ప్రయత్నం తర్వాత కొన్ని నిమిషాలు ఆగేది అందుకే. క్రియాటిన్‌ను కాలేయం, మూత్రపిండాలు కొంత తయారు చేస్తాయి. మిగతాది మాంసం, చేపల నుంచి రావాలి. శాకాహారుల కండరాల్లో అది కాస్త తక్కువగా ఉంటుంది. రోజుకు 3 నుంచి 5 గ్రాములు విడిగా తీసుకుంటే ఆ నిల్వ పెరుగుతుంది. పదేపదే చేసే పొట్టి, గట్టి పనుల్లో లాభం కనిపిస్తుంది, దూరపు పరుగులో పెద్దగా కనిపించదు.

పని ఇంకాస్త సాగితే గ్లూకోజు విడిపోయి లాక్టిక్ ఆమ్లపు రూపమైన లాక్టేటు పుడుతుంది. దీన్ని చాలాకాలం వ్యర్థంగా చూశారు. నిజానికి గుండె, పక్కనున్న కండరాలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి, కాలేయం దాన్ని తిరిగి గ్లూకోజుగా మారుస్తుంది. ఈ రెండో దారిని వివరించిన కార్ల్, గెర్టీ కోరీ దంపతులు 1947 నోబెల్ బహుమతిని పంచుకున్నారు. మర్నాటి ఒళ్లునొప్పులకు లాక్టేటును తప్పుపట్టడం కూడా సరికాదు. పని ఆపిన గంటా గంటన్నరలోపే అది మామూలు స్థాయికి వస్తుంది. నొప్పులు ఎక్కువగా వచ్చేది సాగుతూ బరువును ఆపే పనిలో కండరపు నారలు సూక్ష్మంగా దెబ్బతిన్నప్పుడు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం ఎక్కువ. అవే మెట్లు దిగి వచ్చినవాళ్లకు మాత్రం మర్నాడు తొడలు పట్టేస్తాయి.

నిమిషాలు, గంటలు సాగే పనికి శక్తి కణాల్లోని మైటోకాండ్రియాల్లో, ఆక్సిజన్ సాయంతో, గ్లూకోజునూ కొవ్వునూ దహించడం వల్ల వస్తుంది. తీరిక నడకలో కొవ్వు వాటా ఎక్కువ. వేగం పెరిగేకొద్దీ పిండిపదార్థాల వాటా పెరుగుతుంది. కొవ్వు నిల్వ సన్నటి మనిషిలో కూడా రోజుల తరబడి సరిపోతుంది. పిండిపదార్థాల నిల్వ స్వల్పం: కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో 400 నుంచి 500 గ్రాములు, కాలేయంలో 100 గ్రాముల దాకా, రక్తంలో గ్లూకోజు 5 గ్రాములు. అన్నీ కలిపితే రెండువేల కిలోకేలరీలు కాస్త అటూ ఇటూ. పైగా కండరంలోని గ్లైకోజెన్ ఆ కండరానికే పరిమితం. దాన్ని గ్లూకోజుగా రక్తంలోకి వదిలే ఎంజైము కాలేయానికి ఉంది, కండరానికి లేదు.

గ్లైకోజెన్: రెండు కాళ్ల ప్రయోగం

దూరపు పరుగులో ఒంటి శక్తి ఒక్కసారిగా పడిపోవడం పాత అనుభవమే. 1924 బోస్టన్ మారథాన్ ముగించినవారి రక్తం పరీక్షిస్తే, బాగా నీరసించినవాళ్లలో గ్లూకోజు చాలా తగ్గి ఉంది. మరుసటి ఏడాది పరుగుకు ముందు పిండిపదార్థాలు ఎక్కువగా పెట్టి, దారిలో మిఠాయిలు తినిపిస్తే ఆ పరిస్థితి చాలావరకు తప్పింది. రక్తంలో సంగతి అలా తెలిసింది కానీ కండరం లోపల ఏం జరుగుతోందో చూడటానికి దారి లేదు. 1962లో స్వీడన్ వైద్యుడు యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్ బోలు సూదితో తొడ కండరం నుంచి చిన్న ముక్క తీసే పద్ధతిని వాడుకలోకి తెచ్చారు. చర్మానికి మత్తిచ్చి, చిన్న గాటు పెట్టి, క్షణాల్లో ముక్క తీసేస్తారు. ఆ మనిషి వెంటనే లేచి సైకిలు తొక్కగలడు.

1966లో బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హుల్ట్‌మన్ ఈ సూదిని తమ తొడల మీదే ప్రయోగించుకున్నారు. కదలకుండా బిగించిన ఒకే సైకిలుకు చెరోవైపు కూర్చొని, ఒక్కొక్కరూ ఒక్క కాలితో ఒక పెడలు తొక్కారు. రెండో కాలు ఊరికే ఉంది. ఒంట్లో సత్తువ పోయేదాకా తొక్కి రెండు తొడల నుంచీ ముక్కలు తీసి చూస్తే, తొక్కిన కాల్లో గ్లైకోజెన్ దాదాపు ఖాళీ, ఊరికే ఉన్న కాల్లో మామూలే. ఆ తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలు దండిగా ఉన్న భోజనం చేస్తూ ముక్కలు తీస్తూ పోయారు. తొక్కిన కాల్లో గ్లైకోజెన్ నిండటమే గాక పెరిగి, ఊరికే ఉన్న కాలికి సుమారు రెట్టింపు అయింది. ఊరికే ఉన్న కాల్లో పెద్ద మార్పు లేదు. రెండు కాళ్లకూ అందింది ఒకే తిండి. రెండింటిలో పారింది ఒకే రక్తం, ఒకే ఇన్సులిన్. తేడా అంతా ఆ కాలు చేసిన పనిలోనే ఉంది. కండర జీవక్రియ మీద వచ్చిన ప్రయోగాల్లో ఇంత సూటిగా జవాబిచ్చినది మరొకటి లేదని చెప్పవచ్చు.

మరుసటి ఏడాది అదే బృందం తొమ్మిదిమందికి మూడు రకాల భోజనాలు పెట్టి, ఒకే బరువుతో అలసిపోయేదాకా సైకిలు తొక్కించింది. కొవ్వు, మాంసకృత్తులే ఉన్న భోజనం తర్వాత సగటున 57 నిమిషాలు తొక్కగలిగారు. మామూలు కలగలుపు భోజనంతో 114 నిమిషాలు, పిండిపదార్థాలు ఎక్కువగా ఉన్న భోజనంతో 167 నిమిషాలు తొక్కారు. తొక్కడానికి ముందు వంద గ్రాముల కండరంలో గ్లైకోజెన్ వరుసగా 0.63, 1.75, 3.51 గ్రాములుంది. మారథాన్‌కు ముందు రోజుల్లో పరుగు తగ్గించి అన్నం, బ్రెడ్డు, పాస్తా పెంచే నేటి అలవాటుకు మూలం ఇదే.

దీనికి ఎదురుగా, పిండిపదార్థాలను దాదాపు మానేసి కొవ్వునే తినే కీటో భోజనం గురించి ఈమధ్య చాలా వినిపిస్తోంది. అది కండరాన్ని మారుస్తుందన్నది నిజం. కొన్ని రోజుల్లోనే కొవ్వును దహించే సామర్థ్యం బాగా పెరుగుతుంది. అయితే ఆస్ట్రేలియాలో లూయిస్ బర్క్ బృందం అంతర్జాతీయ స్థాయి నడక పోటీదారుల మీద మూడు వారాలకు పైగా జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, కీటో తిన్నవాళ్లు కొవ్వును ఎక్కువగా దహించినా పోటీ వేగంలో వాళ్లకు ఆక్సిజన్ ఎక్కువ అవసరమైంది. శిక్షణ పొందినా వాళ్ల 10 కిలోమీటర్ల నడకలో మెరుగుదల రాలేదు. పిండిపదార్థాలు తిన్నవాళ్లు మెరుగుపడ్డారు. అంతే శక్తికి కొవ్వు గ్లూకోజు కంటే ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది, కాబట్టి ఈ ఫలితంలో వింత లేదు. వేగం అక్కర్లేని, బరువు తగ్గడమే లక్ష్యమైన మనిషికి లెక్క వేరుగా ఉండవచ్చు.

ఇన్సులిన్, మధుమేహం

కండర కణంలోకి గ్లూకోజు రావాలంటే గ్లూట్4 అనే వాహక మాంసకృత్తి కణం లోపలి నుంచి పైపొరకు చేరాలి. ఇన్సులిన్ దాన్ని పైకి రప్పిస్తుంది. కండరం ముడుచుకోవడం కూడా, ఇన్సులిన్ ప్రమేయం లేకుండా, వేరే సంకేతాలతో దాన్ని పైకి రప్పిస్తుంది. రెండో రకం మధుమేహంలో మొదటి దారి మొరాయిస్తుంది. రెండో దారి మాత్రం చాలావరకు బాగానే పనిచేస్తుంది. భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు నడిస్తే గ్లూకోజు ఎందుకు తగ్గుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. పని చేసిన కండరంలో ఇన్సులిన్‌కు స్పందన ఒకటి రెండు రోజులు మెరుగ్గా ఉండి, ఆ తర్వాత తగ్గుతుంది. అందుకే ఆదివారం ఒక్కరోజు చేసే భారీ వ్యాయామం కంటే రోజు విడిచి రోజైనా చేసే మోస్తరు వ్యాయామం మేలు.

భారతీయులకు ఇది మరీ ముఖ్యం. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్యుల చిత్రం పక్కపక్కన వచ్చింది. ఒకరు పుణేకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తు, బరువుల నిష్పత్తి (బీఎంఐ) ఇద్దరిదీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. పైకి సన్నగా కనిపించే మనలో కండరం తక్కువ, కొవ్వు ఎక్కువ. గ్లూకోజు పోవలసిన చోటే చిన్నదన్నమాట. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశవ్యాప్తంగా జరిపి 2023లో వెల్లడించిన సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్లమందికి మధుమేహం, మరో 13.6 కోట్లమందికి దాని ముందు దశ ఉన్నాయి. మన భోజనంలో ధాన్యాల పాలు చాలా ఎక్కువ. రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించనక్కర్లేదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. బెర్గ్‌స్ట్రోమ్ ప్రయోగాన్ని గుర్తుపెట్టుకుంటే మన ఇబ్బంది ఎక్కడుందో తెలుస్తుంది. పొలంలో రోజంతా వంగి పనిచేసిన తాత తిన్నంత అన్నం, గ్లైకోజెన్ ఖర్చు చేయని కండరంతో మనవడు తింటే ఆ గ్లూకోజుకు చోటు దొరకదు. కాలేయం దాన్ని కొవ్వుగా మారుస్తుంది.

చెన్నైలో ఎ. రామచంద్రన్ బృందం మధుమేహపు ముందు దశలో ఉన్న 531 మందితో జరిపిన కార్యక్రమంలో, మూడేళ్లలో మామూలు సలహా పొందినవారిలో 55 శాతం మధుమేహంలోకి వెళ్లారు. తిండి, నడక రెండూ మార్చుకున్నవారిలో అది 39.3 శాతం. ఏ మందూ లేకుండా వచ్చిన ఈ తేడా చిన్నది కాదు.

మాంసకృత్తులు

కండరంలోని మాంసకృత్తులు నిత్యం విడిపోతూ, కొత్తవి తయారవుతూ ఉంటాయి. రోజుకు ఒకటి రెండు శాతం ఇలా మారుతుంది. భోజనంలోని అమైనో ఆమ్లాలు, ముఖ్యంగా ల్యూసిన్, తయారీని రెండు మూడు గంటలు పెంచుతాయి. బరువుతో చేసే వ్యాయామం ఒక రోజు లేదా అంతకంటే ఎక్కువసేపు కండరాన్ని ఆ అమైనో ఆమ్లాలకు చురుగ్గా స్పందించేలా ఉంచుతుంది. వ్యాయామం చేసి తినకపోతే విడిపోయేది తయారయ్యేదాన్ని మించుతుంది. వ్యాయామం లేకుండా మాంసకృత్తులను అవసరానికి మించి తింటే మిగిలినవి ఇంధనంగా కాలిపోతాయి, వాటిలోని నత్రజని యూరియాగా మూత్రంలో పోతుంది.

జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు చేసేది కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాము. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. మన కంచంలో లెక్క చూద్దాం. రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకుంటే 24 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో ఆరున్నర, ఒక గ్లాసు పాలో పెరుగో వేసుకుంటే మరో ఆరున్నర. మొత్తం 37. రెండు గుడ్లు కలిపితేనే 50 అవుతుంది. పలచటి పప్పుచారు గిన్నెడు పోసుకున్నా అందులో పప్పు పాలు కొంచెమే. బియ్యంలో తక్కువైన లైసిన్‌ను పప్పు పూడుస్తుంది, పప్పులో తక్కువైన మెథియోనిన్‌ను బియ్యం పూడుస్తుంది. కాబట్టి పప్పన్నం మంచి జతే, పప్పు గట్టిగా ఉన్నప్పుడు. గుడ్లు తిననివాళ్లకు శనగలు, వేరుశనగలు, సోయా, పనీరు, చిక్కటి పెరుగు ఉన్నాయి. కండరం పెంచుకునేవాళ్లకు కిలోకు 1.6 గ్రాముల దాకా లాభం కనిపిస్తుంది. అంతకు మించితే అదనపు ఫలితం కనబడటం లేదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ఈ లెక్కలు పక్కనపెట్టి వైద్యుడి మాట వినాలి.

శిక్షణతో మారే కండరం

1967లో అమెరికాలో జాన్ హోలోజీ ఎలుకలను వారాల తరబడి ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, వాటి కండరాల్లో మైటోకాండ్రియా ఎంజైములు సుమారు రెట్టింపు కావడం చూపించారు. అలాంటి కండరం అదే వేగంలో గ్లైకోజెన్‌ను పొదుపుగా వాడి కొవ్వును ఎక్కువగా దహిస్తుంది. రక్తనాళికలు కూడా పెరుగుతాయి. బరువులెత్తితే నారలు లావెక్కుతాయి. రెండూ ఒకేసారి తీవ్రంగా చేస్తే బలం పెరుగుదల కొంత మందగిస్తుందని రాబర్ట్ హిక్సన్ 1980లో చూపారు. ఆరోగ్యం కోసం చేసేవాళ్లు దీనికి బెంగపడనక్కర్లేదు.

మంచిదనుకొని మింగే మాత్రలు కొన్నిసార్లు అడ్డుపడతాయి. రోజుకు 1,000 మిల్లీగ్రాముల సి విటమిన్, దానితోపాటు ఇ విటమిన్ తీసుకుంటూ వ్యాయామం చేసినవారిలో ఇన్సులిన్ స్పందన మెరుగుపడలేదని జర్మనీలో 2009లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. జామకాయ, ఉసిరికాయ తింటే వచ్చే విటమిన్ గురించి కాదు ఇది, పెద్ద మోతాదు మాత్రల గురించి.

ఇనుము మాట వేరు. ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు, కండరంలో దాచే మయోగ్లోబిన్‌కు, మైటోకాండ్రియా ఎంజైములకు మూడింటికీ ఇనుము కావాలి. శ్రీలంక తేయాకు తోటల్లో రక్తహీనత ఉన్న మహిళా కూలీలకు ఇనుము ఇస్తే వాళ్లు కోసే ఆకు పెరిగిందని 1979లో నమోదైంది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అలాంటి మనిషికి నడవమని చెప్పి, ఆయాసం వస్తోందంటే బద్ధకమనడం అన్యాయం. ముందు రక్తపరీక్ష చేయించాలి.

మంచం, ముసలితనం

1966లో డల్లాస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. ఆక్సిజన్‌ను వినియోగించుకునే గరిష్ఠ సామర్థ్యం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్ఫై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని పరీక్షిస్తే, ముప్ఫై ఏళ్ల వయసు చేసిన నష్టం కంటే ఆ మూడు వారాల మంచం చేసిందే ఎక్కువని తేలింది. యాభై దాటాక కండరం మెల్లగా తగ్గుతుంది, బలం అంతకంటే త్వరగా తగ్గుతుంది. మాంసకృత్తులకు స్పందన కూడా మందగిస్తుంది కాబట్టి పెద్దవాళ్లకు కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలంటున్నారు. మన ఇళ్లలో జరిగేది తద్విరుద్ధం. పళ్లు లేవని, అరగదని రాత్రిపూట రెండు ఇడ్లీలతో సరిపెడతాం.

బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో మరియా ఫియాటరోన్ బృందం 90 ఏళ్ల వాళ్లతో ఎనిమిది వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించింది. బలం సగటున 174 శాతం పెరిగినట్టు 1990లో ప్రచురించారు. 1994లో వందమందితో మళ్లీ చేశారు. పది వారాల వ్యాయామం చేసినవారిలో బలం 113 శాతం పెరిగింది, చేయనివారిలో 3 శాతం. అదనపు పోషకాహారం మాత్రమే ఇచ్చి వ్యాయామం చేయించనివారిలో బలహీనత తగ్గలేదు.

ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, గ్లూకోజును బాగా దించే మాత్రలు వాడేవాళ్లు వ్యాయామం మొదలుపెట్టే ముందు మోతాదు గురించి వైద్యుణ్ని అడగాలి, జేబులో చక్కెర ఉంచుకోవాలి. గుండెజబ్బు ఉన్నవాళ్లకూ ముందస్తు పరీక్ష అవసరం. ఇవి చూసుకున్నాక, ఇంట్లో అమ్మమ్మను, తాతయ్యను గౌరవం పేరుతో కుర్చీకి అంటించకండి. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోమనండి, రోజూ. పక్కన మీరు నిలబడండి. ఆ పూట కంచంలో గట్టిపప్పో, గుడ్డో, పెరుగో తప్పకుండా వడ్డించండి.